క్రిస్మస్ చెట్టును ఎలా సాగనంపాలి

అమెరికాలో ఏటా రెండున్నర కోట్ల నుంచి మూడు కోట్ల దాకా నిజమైన క్రిస్మస్ చెట్లు అమ్ముడుపోతాయి. ఎక్కువగా ఓరెగాన్, నార్త్ కరొలైనా తోటల్లో పెరిగేవే. ఆరేడు అడుగుల చెట్టు తయారవడానికి తోటలో సుమారు ఏడేళ్ళు పడుతుంది. మన ఇంట్లో ఉండేది మహా అయితే నెల. ఆ తర్వాత అది మట్టికి బలం ఇస్తుందా, చెత్తదిబ్బలో గాలి ఆడక కుళ్ళి మీథేన్ వదులుతుందా అన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. చెట్టు మీద మనం ఏం వదిలేశాం, ఏ రోజున ఎక్కడ పెట్టాం. సెలవులు ముగిసి ఆఫీసు మొదలయ్యే జనవరి మొదటి వారంలో ఈ రెండింటికీ తీరిక దొరకదు. చాలా చెట్లు పాడయ్యేది అక్కడే. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, చర్చికి వెళ్ళే కుటుంబం కావడం వల్లనో, పిల్లలు ముచ్చటపడ్డారనో చెట్టు తెచ్చుకునే తెలుగువాళ్ళను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మన ఊళ్ళ సంగతి కూడా చివర్లో వస్తుంది.

అన్నిటికన్నా ముందు తేదీ చూసుకోండి. చాలా నగరాలు చెట్లను విడిగా తీసుకెళ్ళేది జనవరి మొదటి రెండు వారాల్లోనే. ఆ గడువు దాటాక గుమ్మం ముందు పెట్టిన చెట్టు మామూలు చెత్త బండి ఎక్కుతుంది. చెట్టు ఇంటికి తెచ్చిన రోజే మీ సిటీ వెబ్‌సైట్‌లో ఆ తేదీలు వెతికి, మీటింగులు పెట్టుకునే ఆఫీసు క్యాలెండర్‌లోనే రాసుకోండి. అంతకు ముందు రోజు సాయంత్రం గంటసేపు వేరే పని పెట్టుకోకండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లీజింగ్ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి, చెట్టు ఎక్కడ ఉంచాలో అడగండి. డంప్‌స్టర్ పక్కన వాల్చేసి వెళ్ళిన చెట్టు దాదాపు ఎప్పుడూ చెత్తలోకే పోతుంది. సిటీ బండి మీ వీధికి రాకపోతే, పార్కులోనో ఫైర్ స్టేషన్ దగ్గరో చెట్లు తీసుకునే చోటు ఉందేమో చూడండి.

డిసెంబరు మూడోవారంలో ఇండియాకు బయల్దేరి, సంక్రాంతి చేసుకుని తిరిగొచ్చే కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. నీళ్ళు పోసేవాళ్ళు లేక, హీటర్ నడుస్తున్న ఇంట్లో మూడు వారాలకు పైగా నిలబడ్డ చెట్టు పూర్తిగా ఎండిపోతుంది. అలాంటి చెట్టుకు నిప్పు అంటుకుంటే గది మొత్తం మంటల్లో పడటానికి నిమిషం కూడా పట్టదు. టైమర్ పెట్టి లైట్లు వెలిగేలా వదిలి వెళ్ళడం మరీ ప్రమాదం. ఆ ఏడాదికి కోసిన చెట్టు కొనకపోవడమే నా దృష్టిలో సరైన నిర్ణయం. అప్పటికే కొనేసి ఉంటే, బయల్దేరే ముందు చెట్టు లేని స్నేహితుల ఇంటికో చర్చికో ఇచ్చేయండి. పండుగ రోజున అది పదిమంది మధ్య ఉంటుంది.

ఇక అలంకారం తీయడం. ఈ పని ఒక్కటి శ్రద్ధగా చేస్తే మిగతాదంతా సులువు. మనం బయట పెట్టిన చెట్టు చివరికి చేరేది చెక్కను పొట్టుగా ముక్కలు చేసే పెద్ద యంత్రంలోకి. ఆ యంత్రం ముందు ఒక మనిషి నిలబడి ఉంటాడు. కొమ్మ సందులో మిగిలిపోయిన చిన్న ఇనుప కొక్కెం లోపల తిరుగుతున్న కత్తులకు తగిలి ఎగిరితే ముందు ఆపద ఆయనకే. లైట్ల వైరు డ్రమ్ముకు చుట్టుకుంటే పని ఆగిపోతుంది. మెరుపు కాగితం ముక్కలైతే పొట్టులో కలిసిపోయి, ఏ పార్కు మట్టిలోనో ఏళ్ళ తరబడి మెరుస్తూ ఉండిపోతాయి. అందుకే మెరుపు కాగితం అసలు కొనొద్దంటాను. పోగులు పోగులుగా ఊడే ఆ సరుకును ఎంత ఓపికగా ఏరినా పూర్తిగా రాదు. మంచు కురిసినట్టు కనపడాలని తెల్లటి మందు కొట్టి అమ్మే చెట్లను కూడా చాలా నగరాలు ఎరువు కోసం తీసుకోవు. ఇది కొనేటప్పుడే గుర్తుండాల్సిన విషయం.

అలంకారం తీసేటప్పుడు పై నుంచి కిందికి రండి. నగలు, కొక్కేలు, లైట్లు, నక్షత్రం కట్టిన తీగ ముక్కతో సహా అన్నీ చూడండి. పగటి వెలుతురులో చేస్తే దాక్కున్నవి కనపడతాయి. పిల్లలకు ఒక టార్చిలైటు ఇచ్చి, మెరిసేవన్నీ వెతకమంటే మనకు కనపడనివి కూడా దొరుకుతాయి. తర్వాత స్టాండులో మిగిలిన నీళ్ళను గ్లాసుతో తోడేయండి. లేకపోతే చెట్టు వంచగానే కార్పెట్ తడుస్తుంది. స్టాండు విప్పి దాచుకోండి. కొన్ని చెట్ల మొదట్లో చెక్క పట్టీలు మేకులతో కొట్టి ఉంటాయి, వాటినీ ఊడదీయాలి.

బయటికి మోయడానికి పాత దుప్పటి ఒకటి చాలు. చెట్టును దాని మీద పడుకోబెట్టి చుట్టి, మొదలు ముందుండేలా గుమ్మం దాటించండి. అలా అయితే కొమ్మలు లోపలికి ముడుచుకుంటాయి, తలుపు చట్రానికి గీసుకోవు. ఇద్దరు మోయాలి. ఆదివారం రాత్రి ఒక్కరే ఎత్తి నడుము పట్టేసుకుంటే సోమవారం కుర్చీలో కూర్చోలేరు. చేతులకు గ్లోవ్స్ వేసుకోండి. జిగురు అంటుకుంటే సబ్బుతో పోదు. కాస్త కొబ్బరినూనె రాసి రుద్దితే వదులుతుంది. నేల మీద రాలిన సూదాకులను ముందు చీపురుతో ఊడ్చాకే వాక్యూమ్ పెట్టండి, నేరుగా పెడితే గొట్టం మూసుకుపోతుంది.

బయట పెట్టేటప్పుడు ప్లాస్టిక్ సంచి తొడగొద్దు. చెట్టును పద్ధతిగా అప్పగిస్తున్నామనే అనుకుని చాలామంది చేసే పొరపాటు ఇది. సంచిలో ఉన్న చెట్టు ఎరువు కోసం చెట్లు తీసుకెళ్ళే బండికి పనికిరాదు. న్యూయార్క్ నగర పారిశుధ్య శాఖ ఈ మాట ఏటా చెబుతుంది. లైట్లు, నగలు, స్టాండు తీసేసి, సంచి లేకుండా పెట్టమంటుంది. ఆ నగరంలోనే మల్చ్‌ఫెస్ట్ పేరుతో పార్కుల్లో చెట్లను కళ్ళ ముందే పొట్టు చేసి, ఆ పొట్టును వీధి చెట్ల మొదళ్ళకూ పూలమళ్ళకూ వేస్తారు. కావాలంటే ఒక సంచి పొట్టు ఇంటికీ తెచ్చుకోవచ్చు. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించదగ్గ పని. చెట్టు ఆరడుగులు దాటితే రెండుగా కోసి పెట్టమనే నగరాలు చాలానే ఉన్నాయి. రంపం లేకపోతే పక్కింటివాళ్ళను అడగండి.

పొట్టు ఒక్కటే దారి కాదు. లూసియానాలో సముద్రం కోసుకుపోతున్న చిత్తడి నేలల్లో పాత చెట్లను వరుసగా పేరుస్తారు. అలల ఊపు తగ్గి, నీళ్ళలోని ఒండ్రు అక్కడ నిలుస్తుంది. దాని మీద గడ్డి మొలుస్తుంది. న్యూ ఆర్లీన్స్ దగ్గరి బయూ సావాజ్ అభయారణ్యంలో నేషనల్ గార్డ్ హెలికాప్టర్లతో చెట్ల మోపులను నీళ్ళలోకి దించుతారు. ఇంగ్లండ్‌లోని లిథమ్ సెయింట్ ఆన్స్ తీరంలో చలికాలం చివర స్వచ్ఛంద కార్యకర్తలు చెట్లను ఇసుకలో సగం పాతుతారు. గాలికి కొట్టుకొచ్చే ఇసుక కొమ్మల్లో చిక్కుకుని కొత్త దిబ్బ లేస్తుంది, ఊరికి అలల నుంచి రక్షణ దొరుకుతుంది. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్ ముందు వెలిగే పెద్ద చెట్టును 2007 నుంచీ పలకలుగా కోసి హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థకు ఇస్తున్నారు, ఇళ్ళ నిర్మాణంలో వాడటానికి. ఏ దారిలో పోయినా నియమం ఒకటే. చెట్టు మీద చెట్టు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

పెరడు ఉన్నవాళ్ళకు అదృష్టం ఎక్కువ. కొమ్మలు నరికి, చలికి నిద్రపోతున్న గులాబీ మొదళ్ళ మీద పరిస్తే మట్టి మాటిమాటికీ గడ్డకట్టి కరగకుండా కాపాడతాయి. వసంతంలో తీసేయొచ్చు. పొట్టు తెచ్చుకుంటే గోంగూర, బీర, టమాటా మళ్ళలో పైన పరచండి. తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. పచ్చి పొట్టును మట్టిలో కలిపి తవ్వకండి. అది కుళ్ళే క్రమంలో మొక్కలకు అందాల్సిన నత్రజనిని లాగేసుకుంటుంది. పైన పరిస్తే ఆ ఇబ్బంది దాదాపు ఉండదు. చలికాలం ఇంట్లోకి తెచ్చుకున్న కరివేపాకు కుండీకి మాత్రం ఈ పొట్టు వద్దు, చిన్న కుండీలో మట్టి ఆరక వేరు కుళ్ళుతుంది. చెట్టును అలాగే పెరట్లో ఒక మూల నిలబెట్టినా మంచిదే. మంచు పడే రోజుల్లో పిచ్చుకలు దాక్కుంటాయి. కాకపోతే దూర ప్రాంతం నుంచి వచ్చిన చెట్లతో, తలుపులకు కట్టే ఆకుల చుట్టలతో పురుగులూ తెగుళ్ళూ రావచ్చని కొన్ని రాష్ట్రాల వ్యవసాయ శాఖలు హెచ్చరిస్తాయి. అలాంటి చోట పెరట్లో ఉంచకుండా, వాళ్ళు చెప్పినట్టే పారేయాలి.

కాల్చడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇంట్లో పొయ్యి ఉంది కదా అని ఈ కట్టెలు అందులో పెట్టొద్దు. జిగురు నిండిన కలప నిప్పురవ్వలు చిమ్ముతుంది, పొగగొట్టం లోపల అంటుకునే మసి తర్వాతెప్పుడో మండి ఇంటికే ముప్పు తెస్తుంది. ఇంకో సందర్భం మనది. క్రిస్మస్ అయిన రెండు మూడు వారాలకే భోగి. పాతవన్నీ మంటలో వేయడం మన అలవాటు, ఎండిన చెట్టు చేతికందుతుంది. వేయకండి. ఎండిన సూదాకులు ఒక్కసారిగా మనిషెత్తు దాటి భగ్గుమంటాయి. మంట చుట్టూ పట్టు పరికిణీలతో చిన్నపిల్లలు నిలబడి ఉంటారు. చాలా ఊళ్ళలో బహిరంగ మంటకు అగ్నిమాపక శాఖ అనుమతి కూడా కావాలి. ప్లాస్టిక్ చెట్టునైతే ఎక్కడా, ఏ మంటలోనూ వేయకూడదు. పీవీసీ కాలితే ఊపిరితిత్తులను కాల్చే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, డయాక్సిన్లు వస్తాయి. ఈ మాట ఆంధ్రాలో, తెలంగాణలో భోగిమంటలు వేసేవాళ్ళకూ వర్తిస్తుంది.

మన ఊళ్ళలో కోసిన ఫర్ చెట్టు అరుదు. కోస్తాలో చాలా ఇళ్ళలో, చర్చిల్లో సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు. ఇసుక నింపిన బకెట్లో గుచ్చి, మంచుకు బదులు దూది అంటిస్తారు. నా లెక్కలో ఇది ఎంతో మంచి పద్ధతి. సరుగుడు అక్కడ పంటే, గుంజలకూ కాగితపు గుజ్జుకూ పెంచుతారు. దూది, తీగలు, రంగు కాగితాలు తీసేస్తే కొమ్మ వంటచెరకవుతుంది, రాలిన ఆకు మొక్కల మొదట్లో పడుతుంది. కుండీలో కొనే అరాకేరియా సంగతి వేరు. మనం క్రిస్మస్ ట్రీ అని పిలిచే ఈ మొక్క కడియం నర్సరీల నుంచి అన్ని ఊళ్ళకూ చేరుతుంది. పండుగయ్యాక దాన్ని లోపలే మర్చిపోతే వెలుతురు చాలక కింది కొమ్మలు ఎండిపోతాయి, ఎండినవి మళ్ళీ రావు. బరువైన లైట్లు తీసేసి, వారం పదిరోజులు నీడపట్టున ఉంచి, తర్వాత పొద్దుటి ఎండకు మార్చండి. ఏటా అదే మొక్కను అలంకరించుకోవచ్చు. కుండీ చాలనప్పుడు ప్రహరీ పక్కనో కరెంటు తీగల కిందో నాటకండి. అది మేడలు దాటి పెరిగే చెట్టు. విశాలమైన చర్చి ఆవరణకో బడికో ఇవ్వండి.

ప్లాస్టిక్ చెట్టు ఉన్నవాళ్ళు దాన్ని వీలైనన్ని ఏళ్ళు వాడటమే దానికి న్యాయం. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ అంచనా ప్రకారం రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు వెనక దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు ఉంటాయి. అదే ఎత్తున్న నిజమైన చెట్టు చెత్తదిబ్బకు పోతే 16 కిలోలు, పొట్టు చేస్తే 3.5 కిలోలు. అంటే ప్లాస్టిక్ చెట్టు పదేళ్ళకు పైగా నిలిస్తేనే పొట్టు చేసిన చెట్టుతో సమానం అవుతుంది. ఇనుము, పీవీసీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి రీసైక్లింగ్ డబ్బాలో వేసినా ఎవరూ విడదీయలేరు. విరిగిన కొమ్మలు తీసి తలుపు తోరణానికి వాడండి, బాగున్న చెట్టును నవంబరులోనే వేరొకరికి ఇవ్వండి. జనవరిలో ఇస్తే తీసుకునేవాళ్ళు దొరకరు. పాడైన లైట్ల వైర్లు రీసైక్లింగ్ డబ్బాలో పడితే అక్కడి యంత్రాలకు చుట్టుకుంటాయి, వాటిని ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోటే ఇవ్వాలి.

ఆఫీసులో ఈ పని మీ చేతికి వస్తే, అడ్మిన్‌లోనో ఫెసిలిటీస్‌లోనో మీరు ఉంటే, చెట్టు తెప్పించేటప్పుడే వెండర్‌ను మూడు ప్రశ్నలు మెయిల్‌లో అడగండి. చెట్టు అద్దెకా, అమ్మకానికా? ఏ తేదీన తీసుకెళ్తారు? తీసుకెళ్ళాక ఏం చేస్తారు? జవాబు కూడా మెయిల్‌లోనే రావాలి, కొటేషన్‌కు జతచేసి ఉంచండి. హైదరాబాద్ ఆఫీసుల లాబీల్లో పెట్టేవి ఎక్కువగా ప్లాస్టిక్ చెట్లు కాబట్టి, ఏటా కొత్తది కొనకుండా అద్దెకు తెచ్చుకోవడమే మేలు. సొంతదైతే కొమ్మలకు అంకెలు రాసిన చీటీలు కట్టి, స్టోర్‌రూమ్‌లో ఏ అరలో పెట్టారో రిజిస్టర్‌లో రాయించండి. ఎక్కడుందో తెలియక కొత్త చెట్టుకు ఆర్డరిచ్చే ఆఫీసులు చాలా ఉన్నాయి. పాడైన లైట్లను ఆఫీసు పాత కంప్యూటర్లు తీసుకెళ్ళే రీసైక్లర్‌కే అప్పగించండి. హౌస్‌కీపింగ్ వాళ్ళతో పెద్ద చెట్టు దింపించేటప్పుడు నిచ్చెన పట్టుకునే మనిషి, గ్లోవ్స్ ఉండేలా చూడండి. అది షిఫ్టు అయిపోయాక చేయించే అదనపు పని కాకుండా, ఆ రోజు డ్యూటీ చార్టులోనే చేర్పించండి.