ఆరోగ్యశ్రీ కార్డును, తాతగారి బీడీయును

క్రిందటి సంవత్సరము నేను ఆరోగ్యపాఠము చెప్పుచుండగా ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, "సారూ, మా తాత దినమునకు రెండు కట్టల బీడీలు త్రాగును. రోగము వచ్చినను మాకు ఆరోగ్యశ్రీ కార్డున్నది గదా, సర్కారే చూచుకొనును గదా?" అని యడిగెను. తరగతియంతయు నవ్వెను గాని నాకు నవ్వు రాలేదు. మన దూలపల్లిలో పెద్దలనేకులు ఈ మాటనే మనసులో నుంచుకొని బీడీ వెలిగించుచున్నారు. ఇంతలో గంట మ్రోగుటచే ఆనాడు సగము సమాధానమే చెప్పగలిగితిని. తక్కిన సగము ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆరోగ్యశ్రీ 2007వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై, పిమ్మట రాష్ట్రమంతట వ్యాపించెను. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీ నుండి అర్హమైన కుటుంబమునకు ఏటికి 10 లక్షల రూపాయల వరకు చికిత్స నేర్పాటు చేసిరి. రాచపుండనబడు కేన్సరునకు శస్త్రచికిత్సయు, గుండెజబ్బులకు చికిత్సయు ఇందులో చేరియున్నవి. పేదవానికి ఇది గొప్ప ఆదరువు. దీనిని తక్కువ చేసి పలుకుట కృతఘ్నత. అయినను దాని పనితీరును గమనింపుడు. ముఖ్యముగా రోగము ముదిరి ఆసుపత్రి మంచమెక్కిన పిమ్మటనే అది అక్కరకు వచ్చును. దవుడ యెముక తీసివేసినందుకు అయిన ఖర్చును చెల్లించును గాని, ఆ దవుడను తిరిగి యీయజాలదు. జీడిమెట్ల కర్మాగారమునకు పోలేని నెలల కూలిని ఈయదు.

సొమ్మిచ్చి కొనుక్కొను బీమా పత్రములును ప్రాయికముగా ఇట్టివే. ఆసుపత్రిలో చేరిననే చెల్లింపు. కొన్ని పత్రములలో సంవత్సరమున కొకమారు దేహపరీక్ష కలదు, అంతే. పొగ త్రాగువారి వద్ద ప్రీమియము హెచ్చుగా గైకొను కంపెనీలును కలవు. ఆ భయముచే అలవాటును దాచి సంతకము చేసినచో, తుదకు చెల్లింపు నిరాకరింపబడవచ్చును. తలిదండ్రులారా, ఆ కాగితమున నిజమే వ్రాయుడు.

అమెరికాలో 2010వ సంవత్సరపు శాసనము, పొగాకు మాన్పించు సలహాకును మందులకును రోగి వద్ద సొమ్ము గొనక తామే చెల్లింపవలెనని చాలమట్టుకు బీమా కంపెనీలను నిర్బంధించెను. మన బీమాలలో ఈ భాగము మిక్కిలి బలహీనము. ఇల్లు కాలిన పిదప సాయము చేయుదుము గాని, నిప్పార్పుటకు కడివెడు నీరీయము అన్నట్లున్నది. పొగాకునకు బదులుగా వాడు నికొటిను మందులు మన దేశపు అత్యవసర మందుల పట్టికలో 2022లో చేరినవి. అది మంచి ఆరంభమే.

మాన్పించుట సాధ్యమా యని సందేహించువారికి మన తెలుగుదేశములోనే నిదర్శనము కలదు. శ్రీకాకుళము ప్రాంతపు పల్లెలలో స్త్రీలు చుట్ట యొక్క నిప్పు కొనను నోటిలోపల నుంచుకొని త్రాగుదురు. దీనిని అడ్డపొగ యందురు. దానిచే అంగిలి మాడి తెల్లబడును. కొందరిలో అది రాచపుండగును. టాటా పరిశోధనాలయపు దంతవైద్యులు అచ్చటను, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలోను పొగాకు వాడు గ్రామస్థులను 36 వేలకు పైబడి యెన్నుకొనిరి. ఏటేట వారి యిండ్లకు బోయి, నోరు తెరపించి చూచి, వారి నోటి సంగతి వారికే చెప్పి, మానుడని బ్రతిమాలిరి. సినిమా, రేడియో, పత్రికలను గూడ వాడుకొనిరి. 1986లో ఫలితములు వెలువడెను. అట్టి బోధ లేని పూర్వపువారితో పోల్చి చూడగా, మానినవారును తగ్గించినవారును హెచ్చిరి. నోటి మచ్చలు తగ్గినవి. కత్తి లేదు, సూది లేదు. ఇంటికి వచ్చి మాటాడిన మనిషి, అంతే.

అట్టి మనిషి మనకును దొరకును. ముప్పది యేండ్లు నిండినవారికి బస్తీ దవాఖానాలోను పల్లె దవాఖానాలోను రక్తపుపోటు, చక్కెర వ్యాధి, నోటి పరీక్షలు ఉచితముగా చేయుదురు. 2016లో ప్రారంభమైన 1800-11-2356 అను టెలిఫోను సంఖ్యకు రుసుము లేదు. ఈ సంఖ్య పెట్టెమీదనే అచ్చువేయబడియున్నది. త్రాగువాడు దినమునకు పది పర్యాయములు దానిని చూచుచునే త్రాగుచున్నాడు! మొదటి వారము కఠినమైనది. చిరాకు, నిద్రలేమి కలుగును. కాని త్రాగవలెనను తహతహ అలవలె లేచి కొలది నిమిషములలో అణగును. ఆ కొలది నిమిషములు దాటుటయే విద్య. ఒక సంవత్సరము మానినవానికి పొగచే గలిగిన గుండెజబ్బు అపాయము సుమారు సగమునకు తగ్గును. బీడీ సిగరెట్టుకంటె తేలికైనదను మాట మాత్రము వట్టి అపోహ.

విద్యార్థులారా, పాఠశాలకు నూరు గజముల లోపలను, 18 ఏండ్లు నిండనివారికిని పొగాకు అమ్మరాదని 2003వ సంవత్సరపు శాసనము చెప్పుచున్నది. నేను గేటు నుండి నూరు గజములు అడుగులు లెక్కించి నడచితిని. ఆ మేరలో ఒక పాన్ డబ్బా కలదు. దాని ముందర మన యూనిఫారము తొడిగిన బాలుడొకడు నిలిచియుండెను. వాని పేరు వ్రాయను.

ఇక మొదటి బాలుని తాతగారి సంగతి. ఆయన మొదట కోపించిరట. తరువాత మనుమని వెంటబెట్టుకొని దవాఖానాకు పోయిరి. బుగ్గలోపల తెల్లమచ్చ యున్నదని చెప్పి పెద్ద ఆసుపత్రికి చీటీ వ్రాసి యిచ్చిరి. రెండు కట్టలు ఇప్పుడు ఆరు బీడీలైనవని బాలుడు చెప్పుచున్నాడు. ఈ పత్రిక అచ్చునకు పోవునాటికి ఆ పరీక్ష ఫలితమింకను రాలేదు.