ఫోన్ మోగితే లేచి నిలబడనక్కరలేదు



కాలేజీకి వచ్చిన విద్యార్థుల్లో ఫోన్ లేనివాడు ఇప్పుడు దాదాపు లేడు. ఫోన్‌తో పాటు పిలవని పేరంటంలా కాల్స్ కూడా వస్తాయి. ఒకరు లోన్ ఇస్తామంటారు, ఒకరు క్రెడిట్ కార్డు అంటారు, మరొకరు హైదరాబాద్ శివార్లలో ప్లాటు చూపిస్తామంటారు. ట్రంకుపెట్టె తప్ప ఆస్తి లేని మనకు ప్లాటు! నవ్వు వస్తుంది. వీటితో విసుగే గాని ప్రమాదం తక్కువ. ఇంగ్లీషులో స్టార్ట్ అని రాసి, కొంచెం ఖాళీ వదిలి, సున్నా కొట్టి 1909 నంబరుకు మెసేజ్ పంపితే ప్రచార కాల్స్ వద్దని నమోదవుతుంది. ఆ తర్వాత కూడా వస్తే 7 రోజుల్లోపు అదే నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. 2025కు ముందు ఈ గడువు 3 రోజులే ఉండేది. నంబరు 140తో మొదలైతే అది ప్రచార కాల్. 1600తో మొదలయ్యే నంబర్లను బ్యాంకులు, ప్రభుత్వ సంస్థల కోసం 2024లో కేటాయించారు.

అయితే మోసగాడు ఏ నియమమూ పాటించడు. కనుక 1909లో నమోదు చేశాం కదా అని నిశ్చింతగా ఉండరాదు.

మన ఇళ్లలో ఒక సంగతి గమనించే ఉంటారు. ఆఫీసు నుంచి ఫోన్ అనగానే నాన్న కూర్చున్నవాడు లేచి నిలబడి మాట్లాడతాడు. చేతిలో బీడీ ఉంటే పారేస్తాడు. మండలాఫీసు బల్ల ముందు, బ్యాంకు కౌంటరు ముందు ఏళ్లతరబడి నిలబడి నేర్చుకున్న మర్యాద అది. మోసగాడికి పెట్టుబడి ఆ మర్యాదే. మొదట హిందీలో గద్దిస్తాడు, తర్వాత వచ్చీరాని తెలుగులోకి దిగుతాడు. కేవైసీ లేదు, సాయంత్రానికి ఖాతా ఆగిపోతుందంటాడు. ఆలోచించుకునే సమయం ఇవ్వడు. ఇది చదువురానివారికే జరుగుతుందనుకోవద్దు. డిజిటల్ అరెస్ట్ అనే బెదిరింపుకు డాక్టర్లు, రిటైరైన అధికారులు కూడా లక్షలు పోగొట్టుకున్నారు. మన చట్టంలో అలాంటిదేమీ లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే రేడియో ప్రసంగంలో చెప్పవలసి వచ్చింది. పోలీసులు వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్టు చేయరు.

విద్యార్థులకు వచ్చే కాల్ వేరు. "మీ స్కాలర్‌షిప్ మంజూరైంది, ఓటీపీ చెప్పండి" అంటారు. ఏడాదిగా ఎదురుచూస్తున్నవాడికి ఆ ఒక్క మాట చాలు. అవతలివాడికి మన పేరు, కాలేజీ పేరు తెలిసినంత మాత్రాన అధికారి అయిపోడు. మన ఖాతాకు రావలసిన సొమ్ము ఏదైనా నేరుగా ఖాతాలో పడుతుంది, దానికి ఎవరికీ ఓటీపీ చెప్పే పని లేదు. అనుమానముంటే ఈ-పాస్‌లో మనమే చూసుకోవచ్చు, వార్డెన్ సారును అడగవచ్చు. అలాగే యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. పిన్ నొక్కమన్నారంటే డబ్బు మన దగ్గర నుంచి పోతోందన్నమాట.

ఇంతకన్నా గట్టిగా చెప్పవలసింది ఖాతా అద్దె గురించి. "నీ ఏటీఎం కార్డు, సిమ్ ఒక నెల ఇవ్వు, 5 వేలిస్తాం" అని ఎవరైనా అడిగితే, పరీక్ష ఫీజు కట్టలేక తిరిగేవాడికి దేవుడే పంపినట్టు ఉంటుంది. కాని ఎక్కడో ఒక ముసలమ్మ పోగొట్టుకున్న సొమ్ము మన ఖాతాలో పడి, అక్కడి నుంచి మరో నాలుగు ఖాతాలకు వెళ్తుంది. పోలీసులకు మొదట దొరికేది మన పేరు, మన ఆధార్. ఖాతా స్తంభింపజేస్తారు. అందులో పడ్డ స్కాలర్‌షిప్ కూడా చేతికి రాదు. రేపు కానిస్టేబుల్‌గానో గ్రూప్స్‌లోనో ఎంపికైతే వెరిఫికేషన్‌లో ఈ కేసు గురించి ఏమని చెప్తాం? మన ఇళ్లలో చాలామందికి మొదటి ఉద్యోగం మనతోనే రావాలి. దాన్ని 5 వేలకు తాకట్టు పెట్టడమా?

ఫోన్ అవతల ఉన్నవాళ్లంతా పుట్టుదొంగలు కూడా కాదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు కొందరు యువకులను కంబోడియాకు పంపారు. అక్కడ వారిని నిర్బంధించి, మన దేశస్థులకే మోసపు కాల్స్ చేయించారు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఈ సంగతి బయటపెట్టారు. వాళ్లు ఏజెంటుకు డబ్బు కట్టి మరీ వెళ్లినవాళ్లు. డిగ్రీ పట్టా చేతిలో పెట్టుకుని విదేశీ ఉద్యోగం చూసుకుంటున్న అన్నలు ముందుగా విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు పేరుందో లేదో చూసుకోవాలని కోరుతున్నాము.

ఇంత చెప్పినా డబ్బు పోవచ్చు. పోతే సిగ్గుపడి దాచవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగా ఫిర్యాదు అందితే దాన్ని ఆపే వీలుంది, రేపు చేద్దాంలే అనుకుంటే కష్టం. ఖాతా నంబరు, లావాదేవీ నంబరు, సమయం దగ్గర పెట్టుకుని మాట్లాడండి. డబ్బు పోకుండా అనుమానపు కాల్ మాత్రమే వస్తే సంచార్ సాథీలోని చక్షులో తెలపవచ్చు. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా సంచార్ సాథీలోనే కనబడుతుంది.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ ఫోన్ తీసుకుని 1909కి ఆ మెసేజ్ పంపండి. నాయనమ్మ పింఛను, అమ్మ పొదుపు సంఘం డబ్బు ఆ ఒక్క ఫోన్ మీదే ఉంటాయి. ఓటీపీ అంటే అమ్మకు అర్థం కాకపోవచ్చు. ఫోన్‌లోకి వచ్చే అంకెలు ఎవరడిగినా ముందు మనకే ఫోన్ చేయమని చెప్పండి. కరెంటు మీటరు పక్కన గోడ మీద 1930 అని పెద్ద అంకెలతో రాసి రండి.