మందు వేళ వేరు, పప్పు వేళ వేరు

చెల్లెమ్మా, ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది. మావయ్యగారి చొక్కాలు వదులైపోతున్నాయని నీకు నిద్ర పట్టట్లేదు కదూ? ఎంత కమ్మగా వండినా రెండు ముద్దలకే చాలంటున్నారని, నీ చేతి వంట నచ్చట్లేదేమోనని లోలోపల కుమిలిపోతున్నావు. పార్కిన్సన్స్ ఉన్న ఇళ్లల్లో మనందరికీ ఉండే దిగులే ఇది. నీ వంటకేం వంక లేదమ్మా.

ఆ జబ్బు చేతులు వణికించి ఊరుకోదు. చాలామందికి వణుకు కంటే ముందే వాసన తెలియడం తగ్గిపోతుంది. వాసన తెలియనప్పుడు ఎంత మంచి పులుసైనా చప్పగానే ఉంటుంది మరి. నమలడం నెమ్మదిస్తుంది, మలబద్ధకంతో ఆకలి చస్తుంది, వణుకేమో ఒంట్లో ఉన్న కాస్త శక్తినీ తినేస్తుంది. మనిషి చిక్కిపోరూ? వయసు మీద పడిందిలే అని వదిలెయ్యకు. నెలకోసారి తూకం చూసి క్యాలెండర్ మీద రాయి. 60 కిలోల మనిషి ఆరు నెలల్లో 3 కిలోలు తగ్గితే డాక్టరుగారికి చెప్పి తీరాలి.

పప్పు, చేప తింటే మందు పనిచెయ్యదని ఎవరో అన్నారని మానిపించేశావా? అందులో సగమే నిజం. లెవోడోపా, అదే మన ఇళ్లల్లో సిండోపా అనే బిళ్ల, పేగుల్లోంచి రక్తంలోకీ, రక్తంలోంచి మెదడులోకీ వెళ్లే దారిలోనే మాంసకృత్తులు అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలూ వెళ్తాయి. రెండూ ఒకేసారి బయల్దేరితే మందు వెనకబడుతుంది. అలాగని పప్పూ చేపా మానేస్తే కండ కరిగిపోయి, తూలి పడే భయం ఎక్కువవుతుంది. కంచంలోవి తగ్గించకు, వేళలు మార్చు. బిళ్ల భోజనానికి అరగంట ముందు వెయ్యాలి, లేదా తిన్నాక గంట దాటాక. పొద్దున్న పాలు పోసిన టీతో వేస్తున్నావా? ఇకనుంచి మంచినీళ్లతో వేసి, అరగంట ఆగి టీ ఇవ్వు. వికారంగా ఉందంటే ఓ అరటిపండు ముక్క పెట్టు. ఐరన్ మాత్ర ఉంటే దానికీ దీనికీ ఎడం ఉండాలి. అప్పటికీ మధ్యాహ్నం మందు పట్టట్లేదంటే, చేపల కూర రాత్రికి మార్చొచ్చా అని డాక్టరుగారిని అడుగు. దూలగొండి గింజల పొడి మాత్రం చెప్పకుండా పెట్టకు. ఆ గింజల్లోనూ లెవోడోపానే ఉంటుంది, మోతాదు మీద మోతాదైపోతుంది.

ఉండి, ఆకివీడు వైపు వాళ్లం, మనకి చేపలకేం కరువు? బొచ్చె, శీలావతి రుచే గానీ సన్న ముళ్లెక్కువ. ఆయనకి కొరమీను తెప్పించు, ముళ్లు తక్కువ. అయినా వేళ్లతో చిదిమి చూసుకునే వడ్డించు. అన్నం మెత్తగా వండి, నెయ్యి కాస్త ధారాళంగా వెయ్యి. అల్లం, నిమ్మరసం, కొత్తిమీర తగిలిస్తే నోటికి రుచి తెలుస్తుంది. ఆకుకూరలు, జామపండు, సరిపడా నీళ్లు ఉంటే మలబద్ధకం సర్దుకుంటుంది.

మంచినీళ్లు తాగుతుంటే తరచూ పొలమారుతోందా? ఎవరో తలుచుకుంటున్నారని నవ్వేసి ఊరుకోకు. మింగడం కష్టమవుతోందేమో, ఆలస్యం చెయ్యకుండా చూపించు. మంచం మీద ఆనుకుని కాకుండా నిటారుగా కూర్చోబెట్టి, మందు బాగా పనిచేస్తున్న వేళ చూసి చిన్న చిన్న ముద్దలు తిననివ్వు.

నలుగురిలో చెయ్యి వణుకుతుందని ఆయన సిగ్గుపడుతున్నారేమో, అదీ ఆలోచించు. అంచులెత్తుగా ఉన్న పళ్లెం, లావు పిడి చెంచా పెట్టు. అందరికీ వడ్డించాక తిందాంలే అనుకోకుండా నువ్వూ పక్కనే కూర్చుని నిదానంగా తిను. ఆయనకి తొందర ఉండదు, నీకూ వేళకి తిండి పడుతుంది. ఈసారి ఆస్పత్రికెళ్లేటప్పుడు తూకాలూ, మందు వేళలూ రాసిన కాగితం పట్టుకెళ్లు, మరిచిపోకు.