సంచి దించితేనే నడక

తిరుపతిలో అలిపిరి నుండి తిరుమలకు నడిచి వెళ్లినవారు మీలో చాలామంది ఉంటారు. సుమారు 3,550 మెట్లు! ఎక్కబోయే ముందు యాత్రికులు తమ సంచులను అక్కడ అప్పగిస్తారు. కొండపైన తిరిగి తీసుకుంటారు. బరువు దించాకనే నడక మొదలు. ఈ దృశ్యాన్ని గుర్తుంచుకుంటే రసాయన శాస్త్రంలో ఒక చిక్కు విషయం సులువుగా బోధపడుతుంది.

నార్బోర్నీన్ అనే పదార్థపు అణువులో కర్బన పరమాణువులు వలయాలుగా అమరి ఉంటాయి. అందులో ఒక ద్విబంధం ఉంది. వంచి కట్టిన వెదురు బద్దలాగా ఆ వలయం బిగుసుకొని ఉంటుంది. రుథేనియం ఉత్ప్రేరకం ద్విబంధం వద్ద వలయాన్ని తెరిచి గొలుసుకు తగిలిస్తుంది. తరువాత ఇంకొక వలయం, ఆపైన మరొకటి. ఇలా పెరిగిన గొలుసే పాలిమర్. ద్విబంధాలు జతలు మార్చుకొనే ఇటువంటి చర్యలను మెటాథసిస్ అంటారు. వీటిపై చేసిన కృషికి షోవాన్, గ్రబ్స్, ష్రాక్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2005లో నోబెల్ బహుమతి లభించింది.

మరి ఇక్కడ సంచి ఏది? లోహ పరమాణువుకు తన ఒంటరి ఎలక్ట్రాన్ జంటను ఇచ్చి అంటిపెట్టుకొనే అణువును లైగాండ్ అంటారు. అదే సంచి. ఒక లైగాండ్ తప్పుకొంటేనే వలయం వచ్చి చేరడానికి చోటు దొరుకుతుంది. "అసలు సంచి లేకుండానే తయారు చేయకూడదా?" అని మీరడగవచ్చు. ఖాళీ చోటున్న లోహం నిలకడగా ఉండదు. సీసాలో భద్రంగా ఉండాలంటే లైగాండ్ కావాలి. పని మొదలు కావాలంటే అది పోవాలి!

గ్రబ్స్ తొలి ఉత్ప్రేరకాలలో ఫాస్ఫీను లైగాండ్లు ఉండేవి. అవి నెమ్మదిగా విడిపోయేవి. 2002లో ఆయన బృందం ఫాస్ఫీను స్థానంలో బ్రోమోపిరిడీనును ఉంచింది. ఇది అమీనుల దగ్గరి బంధువు. దీని నత్రజనిపై కూడా ఒంటరి జంట ఉంది. అయితే బ్రోమిన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాగడం వలన నత్రజని పట్టు సడలుతుంది. చర్య ఆరంభం పదిలక్షల రెట్లకు పైగా వేగవంతమైంది.

వేగం వలన లాభమేమిటి? లెక్క చూడండి. 10 ఉత్ప్రేరక అణువులు, 1,000 వలయాలు ఉన్నాయనుకోండి. పదీ ఒకేసారి బయలుదేరితే ఒక్కొక్క గొలుసులో ఇంచుమించు 100 వలయాలు. అయిదు మాత్రమే బయలుదేరి, మిగిలినవి సంచి దించేలోగా వలయాలన్నీ అయిపోతే? ఒక్కొక్క గొలుసులో 200! గొలుసుల పొడవును బట్టి పదార్థపు గుణాలు మారుతాయి. కనుక పొడవు మన అదుపులో ఉండడం ముఖ్యం.

అన్ని అమీనులూ ఇలా మేలు చేయవు. బ్యూటైలమీను వంటి చిన్న ప్రాథమిక అమీనులు ఫాస్ఫీనును నెట్టివేసి తామే లోహానికి గట్టిగా అంటుకొంటాయి. క్రమంగా ఉత్ప్రేరకమే చెడిపోతుంది. అందుకే అమీను సమూహమున్న పదార్థాలతో పనిచేసేటప్పుడు రసాయనజ్ఞులు చాలాసార్లు ముందుగా ఆమ్లం కలిపి, అమీనును లవణంగా మారుస్తారు.

ఆమ్లం కలిపితే అమీను ఉత్ప్రేరకాన్ని ఎందుకు చెరచలేదు? అమ్మోనియా నుండి అమ్మోనియం అయాను ఏర్పడే పాఠం తిరగవేయండి. ఒంటరి జంట ఎక్కడికి పోయిందో గమనిస్తే జవాబు మీకే దొరుకుతుంది.