రాజీనామా కాగితం చించెయ్యి

చి॥ల॥సౌ॥ మాధవిని పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదే తల్లీ. ఈసారీ ఐవీఎఫ్ నిలవలేదన్నది ఒకెత్తు, "నా టెన్షన్ వల్లే పోయిందంటున్నారు, ఉద్యోగం మానేస్తున్నా" అని రాశావే, అది ఇంకొకెత్తు. ఎవరే అలా అన్నది? మీ అత్తగారా, మన విజయవాడ వాళ్లా? ఎవరైనా సరే, ఆ మాట చెవిన పెట్టకు.

నర్సుగా చేసి రిటైరైనదాన్ని, విను. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 అధ్యయనాల్లోని 3,583 మంది ఆడవాళ్ల లెక్కలు కలిపి చూశారు. చికిత్సకు ముందు దిగులుతో ఉన్నవాళ్లకీ, నిబ్బరంగా ఉన్నవాళ్లకీ ఆ విడతలో గర్భం రావడంలో తేడా కనబడలేదు. మరీ తిండి మాని చిక్కిపోతే నెలసరే ఆగిపోవచ్చు, అది వేరే సంగతి. గుడ్డు తింటున్నావా? గోంగూర పచ్చడి పంపిస్తున్నా, అన్నంలో నెయ్యి వేసుకుని తిను.

పొట్టకి సూదులు, మాటిమాటికీ స్కాన్‌లు, ఎంబ్రియో పెట్టాక గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రిపోర్టు వచ్చేదాకా బాత్రూంకి వెళ్లిన ప్రతిసారీ గుండెదడ. ఇన్ని పెట్టి నవ్వుతూ ఉండమంటే ఎట్లాగే? దిగులు నిజంగా చేసే చేటు ఒకటుంది. ఓపిక చచ్చి, డబ్బున్నవాళ్లు కూడా వైద్యం మధ్యలో మానేస్తారు. ఈ ఐవీఎఫ్ వైద్యాల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం కౌన్సెలింగ్ ఇవ్వాల్సింది క్లినిక్ వాళ్లే. మొహమాటపడకుండా అడుగు.

మా రోజుల్లో ఇవెక్కడివి? 1978లో కలకత్తాలో సుభాష్ ముఖర్జీగారి పుణ్యమా అని టెస్ట్‌ట్యూబ్ పాప పుట్టిందంటే మా అత్తగారు నమ్మలేదు. ప్రభుత్వం వేసిన కమిటీయే నమ్మలేదు, ఇక ఆవిడెక్కడ నమ్ముతుంది! నన్ను మాత్రం పిల్లల కోసమని తెల్లారుజామున తడిచీరతో రావిచెట్టు చుట్టూ తిప్పింది. చీర కాళ్లకి చుట్టుకుని ఓసారి బోర్లా పడ్డాను, మీ పెదనాన్న నవ్వు ఆపుకోలేకపోయారు. నన్నూ డ్యూటీ మానమన్నారు. మానలేదు. పురిటి వార్డులో నైట్ డ్యూటీ అంటే ఏడవడానికి తీరికుండేది కాదు. ఒకటో తారీఖున జీతం నా చేతిలో పడేది, మందులకి ఎవరి మొహమూ చూడలేదు.

అల్లుడికి కౌంటు తక్కువని నువ్వే రాశావు. మరి అతన్నెవరైనా ఉద్యోగం మానమన్నారా? అతని టెన్షన్ గురించి ఎవరైనా అడిగారా? పాపం, ఆ పిల్లాడు కూడా కుమిలిపోతూనే ఉంటాడు. ఓ ఆదివారం ఇద్దరూ సినిమాకెళ్లండి, డాక్టర్ల మాట ఎత్తకండి.

ఎంబ్రియో పెట్టాక మంచం దిగకుండా పడుకున్నా ఫలితమేమీ పెరగదని తేలింది. అలాంటప్పుడు ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, పొద్దస్తమానం ఫోన్‌లో రిపోర్టులు చూసుకోవడం తప్ప? అవసరమైన రోజుకి సెలవు పెట్టు, చాలు. పైగా ఈ వైద్యానికి అయ్యే ఖర్చు నీకు తెలియనిదా, చేతిలో జీతం కూడా లేకపోతే ఎట్లా?

మళ్లీ ప్రయత్నించాలా వద్దా అన్నది మీరిద్దరే తేల్చుకోండి. వద్దనుకున్నా నాకు నువ్వు నువ్వే. ఆ రాజీనామా మాత్రం ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే రేపే వెళ్లి వెనక్కి తీసుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ