మురానో గాజు - మన పూసల పెట్టె

తెలుగులో చేతికి వేసుకునేదీ గాజే, కిటికీకి బిగించేదీ గాజే. పెండ్లికి నల్లపూసలు, సీమంతానికి గాజులు, పసిబిడ్డ దిష్టికి ఒక పూస. గాజు లేని శుభకార్యం మన ఇండ్లలో అరుదు. అయినా కళాత్మకమైన గాజు ఎక్కడిదని ఎవరైనా అడిగితే, చదువుకున్నవాళ్లం ఠక్కున ఇటలీ పేరు చెబుతాం. అది తప్పు కాదు. కాని ఇటలీ గాజుకు అంత పేరు ఎట్లా వచ్చింది, మన పూసకు ఎందుకు రాలేదు అన్నది చరిత్ర విద్యార్థి అడుగవలసిన ప్రశ్న. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వచ్చి చదువుకుంటున్న మిత్రులను దృష్టిలో ఉంచుకొని, ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబును ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

దీవిలో బట్టీలు

ఇటలీ గాజు అంటే ప్రధానంగా వెనిస్ గాజు. అక్కడి గాజు పనివారి సంఘానికి 1271 నాటికే రాసిపెట్టుకున్న నియమావళి ఉంది. 1291లో వెనిస్ ప్రభుత్వం గాజు బట్టీలను నగరం నుంచి తీసివేసి పక్కనున్న మురానో దీవికి తరలించమని ఆజ్ఞాపించింది. నగరానికి నిప్పు భయం ఒక కారణం. పనివారంతా ఒకేచోట ఉండడం వల్ల పనిలోని రహస్యాలను కాపాడటం కూడా సులువైంది. అనుమతి లేకుండా పనివాడు దేశం దాటితే నేరం.

సరిగ్గా ఆ రోజుల్లోనే వెనిస్ వర్తకుడు మార్కోపోలో మన తీరపు మోటుపల్లి రాజ్యాన్ని గురించి, దానినేలిన రాణిని గురించి ప్రశంసిస్తూ చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి గుళ్లకు అప్పటికి సుమారు ఎనభై ఏండ్లు.

15వ శతాబ్దం మధ్యలో ఆంజెలో బరోవియెర్ అనే పనివాడు స్ఫటికం వంటి రంగులేని గాజును తీశాడు. దానికి ‘క్రిస్తాల్లో’ అని పేరు. టిచీనో నది గులకరాళ్ల పొడి, సిరియా వైపు నుంచి తెచ్చిన మొక్కల బూడిద, రంగు విరిచేందుకు కొద్దిగా మాంగనీసు - ఇవీ ముడిసరుకులు. బూడిదలోని సోడా వల్ల ఆ గాజు చాలాసేపు మెత్తగా ఉంటుంది. అంచేత దాన్ని ఊది, లాగి, మెలిపెట్టి ఎన్ని వింతలైనా చేయవచ్చు. తెల్లని గాజు దారాలను పారదర్శకమైన గాజులో ఇమిడిస్తే ఫిలిగ్రానా. రంగుల కడ్డీలను కట్టగా కలిపి కరగదీసి, సాగదీసి, అడ్డంగా కోస్తే ప్రతి ముక్కలో ఒక పువ్వు కనిపిస్తుంది. అది మిల్లెఫియోరి, అంటే ‘వేయి పూలు’. పాలవంటి తెల్లగాజు లాత్తిమో. లోపల రాగి రేణువులు మెరిసేది అవెంచురీనా.

1797లో నెపోలియన్ చేతిలో వెనిస్ రాజ్యం కూలిపోయింది. తరువాత పనివారి సంఘాలు రద్దయ్యాయి. బొహీమియా గాజు పోటీ అప్పటికే ముదిరింది. మురానో బట్టీలు చాలావరకు చల్లారాయి. ఆ విద్య మళ్లీ లేచి నిలబడటానికి తోడ్పడినవాటిలో రెండు ముఖ్యమైనవి. ఆంతోనియో సాల్వియాతి 1859లో పెట్టిన మొజాయిక్ పనిశాల ఒకటి. 1861లో విన్చెంజో జనెత్తి అనే మతగురువు, ఆ ఊరి మేయరు కలిసి స్థాపించిన గాజు మ్యూజియం రెండవది. పాత వస్తువులను పోగుచేశారు, వాటి చరిత్ర రాసిపెట్టారు, మరుసటి ఏడు పనివారికి చిత్రలేఖనం నేర్పే బడి పెట్టారు. తాతలు చేసిన గిన్నెను చేతిలోకి తీసుకొని మనుమలు మరచిన పద్ధతిని మళ్లీ నేర్చుకున్నారు. మ్యూజియం పనివాడికి బడి కాగలదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. తరువాత 1921లో మొదలైన వెనీని సంస్థ, అందులో పనిచేసిన కార్లో స్కార్పా వంటి రూపశిల్పులు ఆ పాత విద్యకు కొత్త రూపాలిచ్చారు.

సేకరించేవాడు ఏం చూస్తాడు?

మన దగ్గర పాశ్చాత్య గాజును చూడాలంటే హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాలి. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949) కూడబెట్టిన వస్తువులే దానికి పునాది. 1951 డిసెంబరు 16న నెహ్రూ దాన్ని ప్రారంభించారు. 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. మనవాళ్లు బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా ముందు గుంపు కడతారు. ఆ పాలరాతి శిల్పాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. ఈసారి వెళ్లినప్పుడు గాజు గదిలో కూడా ఒక అరగంట నిలబడండి. వెనిస్ గాజు, బొహీమియా గాజు, ఇంగ్లండు గాజు ఒకేచోట పోల్చుకోవచ్చు.

అసలైన మురానో గాజును గుర్తుపట్టడానికి రంగు ఒక్కటే చాలదు. ఊదిన గాజును పట్టుకున్న ఇనుప కడ్డీని విరిచినచోట అడుగున మచ్చ ఉంటుంది. అది చేతిపని అని చెబుతుందే గాని, మురానో అని చెప్పదు. అంటించిన కాగితపు చీటీ ఊడిపోతుంది, దొంగ చీటీ అంటుకుంటుంది. ఈ బెడద పోగొట్టడానికే 1994లో వెనెతో ప్రాంత ప్రభుత్వం చట్టం చేసి మురానో గాజుకు ఒక గుర్తు ఏర్పాటు చేసింది. అంతకు ముందటి వస్తువులకు పాత పనిశాలల కేటలాగులు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే కాగితాలు సాక్ష్యం. అంటే వస్తువు విలువలో సగం దాని వెంట ఉన్న రాతలో ఉన్నది.

మన పూస సంగతి

తిరుపతి సమీపంలో పాపానాయుడుపేట అనే ఊరుంది. అక్కడి పనివారు కరిగిన గాజును బట్టీలో నుంచి సన్నని బోలు గొట్టంగా సాగదీసి, చిన్న చిన్న ముక్కలుగా నరికి, రంధ్రాలు పూడిపోకుండా బూడిద పట్టించి, మళ్లీ వేడిచేసి అంచులు గుండ్రం చేసేవారు. వెనిస్ వాళ్లు కూడా గాజు బుడగను ఇద్దరు మనుషులు ఎదురెదురు దిక్కులకు నడుస్తూ గొట్టంగా లాగి, నరికి, రంధ్రాల్లో పొడి నింపి వేడిచేసేవారు. లాగే తీరు వేరు, తక్కిన మెట్లు దాదాపు ఒకటే. కాని దక్షిణ భారతంలో ఈ లాగుడు పూసల విద్య క్రీస్తుకు పూర్వమే ఉంది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వకాలు దానికి సాక్ష్యం. ఈ రకం పూసలు ఒకవైపు ఆఫ్రికా, ఇంకోవైపు కొరియా, జపానుల దాకా దొరికాయి. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు పాపానాయుడుపేట పనిని చూసి, రాసి, ప్రపంచానికి తెలిపాడు. ఇటలీ, ఫ్రాన్సుల గాజుపూసల కళను 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన పూసలు చేసిన చేతుల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

ఇక మన ఇంటి ముంగిటికి వద్దాం. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో 2024లో రాష్ట్ర వారసత్వ శాఖ జరిపిన తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. పత్రికలన్నీ ఆ సంగతి రాశాయి. అదే తవ్వకాల్లో రాతిపూసలు, గాజుపూసలు కూడా దొరికాయన్నది చాలామంది గమనించలేదు. రసాయనశాస్త్రం చదివే మిత్రులకు ఇక్కడ పని ఉంది. దక్షిణాది పాత పూసల్లో అల్యూమినా పాలు ఎక్కువ. గ్రానైటు నుంచి వచ్చిన ఇసుక, చౌడు నేలలో పైకి తేలే సోడా కలిపి చేయడం వల్ల అట్లా ఉంటుంది. మధ్యధరా ప్రాంతపు గాజులో అల్యూమినా తక్కువ. చిటికెడు గాజును పరీక్షిస్తే పూస ఏ దిక్కుదో చెప్పవచ్చు. అయితే ఆ పూస ఎక్కడ, ఏ పొరలో దొరికిందో తెలిస్తేనే ఆ పరీక్షకు అర్థం. జేబులో వేసుకొచ్చిన పూస వట్టి పూసే.

అందుకే నా మనవి. పాత దిబ్బల మీద, తవ్వకాల చోట్ల ఏదీ ఏరవద్దు. దొరికితే అధికారులకు చెప్పండి. 1878 నాటి నిధి చట్టం పది రూపాయల విలువ దాటిన భూగర్భ నిధి గురించి కలెక్టరుకు తెలపాలంటున్నది. నూరేండ్లు దాటిన కళావస్తువును సొంతంగా విదేశాలకు పంపడం 1972 చట్టం ప్రకారం నేరం.

మీ సేకరణ ఇంట్లోనే మొదలుపెట్టండి. నాయనమ్మ సందుగలో పూసల పెట్టె ఉంటుంది. ఒక్కొక్క పూస దండను చూపించి అడగండి: ఎవరిచ్చారు, ఏ అంగడిలో కొన్నారు, ఊళ్లోకి వచ్చిన పూసలోళ్లు ఏ ఊరివాళ్లు, ఆ రకాన్ని ఏ పేరుతో పిలిచేవారు? ఆమె చెప్పినమాటే, ఆమె యాసలోనే, తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. పూసలు ఆమె దగ్గరే ఉండనీయండి. మురానోలో ఆరిన బట్టీని మళ్లీ వెలిగించినవాటిలో ఇటువంటి రాత ఒకటి. మన దగ్గర చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, రాసేవాళ్లే కావాలి. ఈ సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఒక్క దండ గురించైనా రాసుకొని రండి.