మజిలీ, మరచెంబు, ఊరు: బిలాసుపూరు తెలుగువారి ప్రయాణపదములు

‘మజిలీ’ యను పదము అరబ్బీ ‘మంజిల్’ నుండి ఉర్దూ ద్వారా తెలుగున చేరినది. ఒక దినమున సాగగల దూరమునకును, ఆ దూరము ముగిసి బస చేయు చోటికిని అదియే పేరు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణమునుండి పల్లకిలో బయలుదేరి, కాశి సేవించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చెను. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో దారి ఎట్టిది, నీరెట్టిది, అంగడి కలదా యను విచారణ మజిలీ మజిలీకిని కాననగును. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో మజిలీయే కథకు నెలవు. రైలు వచ్చిన పిమ్మట ఈ పదము నిఘంటువులలో నిలిచినను, దినచర్యనుండి తొలగెను.

ఆ మార్పును ఒక జీవితకాలపు కొలతతో చూచుటకు బిలాసుపూరు తగిన చోటు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని జంక్షనుగా మార్చెను. కొలువుకై ఉత్తరాంధ్రనుండి వచ్చిన తెలుగు కుటుంబములు రైల్వే కాలనీలలో స్థిరపడినవి. అయితే 1931లో రాయపూరు–విజయనగరము మార్గము పూర్తియగువరకు, విజయనగరమునుండి రైలులో ఇచ్చటికి రాదలచినవాడు సముద్రతీరము వెంట ఖరగ్‌పూరు చేరి, మరల పడమటికి తిరుగవలసి యుండెను. పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా పడిన క్రొత్త దారి ఆ దూరమును సగమునకు పైగా తగ్గించెను.

1940 ప్రాంతమున పుట్టినవారు చూచినది అటుపిమ్మటి మార్పు. మూడవ తరగతి చెక్కబల్ల, కంట పడు బొగ్గునలుసు, పడకచుట్ట, కూజా, పులిహోర పొట్లము, మరచెంబు: ఇవి వారి బాల్యపు ప్రయాణసామగ్రి. మరచెంబును గూర్చి ఒక మాట చెప్పవలెను. మూత మరతో బిగియుటచే నీరు తొణకని ఈ చెంబు దాదాపుగా ప్రయాణమునకే పుట్టినది; కొనుక్కొను నీటిసీసా వచ్చి దానిని అటకెక్కించెను. వస్తువు పోగా పేరు ఎంతకాలము నిలుచును? మనుమలు ఆ మాటను వినియుండవచ్చును గాని, పలుకవలసిన అవసరము వారికి లేదు. 1974లో మూడవ తరగతి యను పేరు తొలగినది. 1977లో బిలాసుపూరు మీదుగా హౌరా–బొంబాయిల నడుమ నడువనారంభించిన గీతాంజలి ఎక్స్‌ప్రెస్సు రెండవ తరగతివారికిని మెత్తని పడక నిచ్చెను. 2002 నుండి టిక్కెట్టు ఇంటనే కొనవచ్చును. విశాఖపట్టణము–కోర్బా ఎక్స్‌ప్రెస్సులో నేడిది ఒక రాత్రి ప్రయాణము.

పదముల విషయమున పండితులకంటె శ్రామికులే గట్టివారు. ‘ధూమశకటము’ గ్రంథము దాటి రాలేదు. ‘పొగబండి’ ఆవిరియంత్రముతోపాటు అర్థము గోల్పోయెను. నిలిచినది ‘రైలు’. ఆంగ్లమున అది పట్టాకు పేరు. తెలుగువాడు బండికే ఆ పేరు పెట్టెను. (హిందీలోను ఇట్లే జరిగినది.) ఓడపనివానికి చెల్లిన ‘కళాసీ’ రైల్వే కొలువునందును చేరెను. ‘పాసు’ మరింత విచిత్రము: ఏటికి దొరకు పాసుల లెక్కయే పెండ్లికి పోవుటయో, మానుటయో నిర్ణయించెడిది.

వీనియన్నింటికంటె సూక్ష్మముగా మారినది ‘ఊరు’. మొదటి తరమువారికి ఊరనగా విడిచివచ్చిన గ్రామము. బిలాసుపూరు కొలువున్న చోటు మాత్రమే. పాసు పుచ్చుకొని పోయి, సెలవు తీరువరకు నిలుచు ఆ వాసమున పిల్లలకు అవ్వ మాటయు, పొలముగట్టు పేర్లును, పిలుపువరుసలును అబ్బెడివి. హిందీ, ఛత్తీస్‌గఢీల నడుమ పెరుగు పిల్లలకు అదియే తెలుగు బడి. ప్రయాణము సులభమైనకొలది వాసము కురుచయై చుట్టపుచూపుగా మారినది. త్వరగా చేరగలవాడు త్వరగా మరలును గదా! భాషాక్షీణతకు ఇతర కారణములు పెక్కు గలవు. కాని ఈ కారణము పరిశోధకుల దృష్టికి అంతగా రాలేదు.

‘ఊరికి పోవుచున్నాము’ అని తాత బిలాసుపూరులో రైలెక్కునపుడు అనును. మనుమడు ఆ వాక్యమునే విజయనగరములో తిరుగుబండి యెక్కునపుడు అనును.